స్విచ్‌కి ఎవరూ రివ్యూ రాయరు.. నెట్ ఆగేది మాత్రం అక్కడే!

ఫోన్ రివ్యూ రాస్తాం, ఇయర్‌బడ్స్ రివ్యూ రాస్తాం, ఆఖరికి ఛార్జర్ కేబుల్‌కి కూడా మార్కులు వేస్తాం. కానీ ఆఫీసు గోడకు, మేకులకు వేలాడే ఆ ఇనుప డబ్బాలో పచ్చ లైట్లు మిణుకుమంటుంటాయి చూడండి, దాని గురించి ఎవరూ రాయరు. అన్‌బాక్సింగ్ వీడియో ఉండదు, కెమెరా శాంపిల్స్ ఉండవు. అయినా ఈసారి దాని గురించే రాస్తున్నా. కారణం మా బాపు.

మాది నిజామాబాద్ జిల్లా బాల్కొండ. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఆటోమేషన్ టీమ్‌లో పని చేస్తున్నా. అంటే రౌటర్లు, స్విచ్‌లకు కాన్ఫిగరేషన్ పంపే పైథాన్ కోడ్ రాయడం. పోయిన పండగకి ఇంటికి వెళ్తే బాపు మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. ఒక ఆఫీసులో కాగితం పని కోసం రెండు రోజులు తిరిగాడట. "నెట్ లేదంట రా. రేపు రమ్మన్నరు. రేపు పోతె మల్ల రేపు అన్నరు." పసుపు తవ్వే రోజుల్లో రెండు పూటలు పోవడమంటే ఏంటో పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మూడో రోజు నేనూ బండి మీద వెంట వెళ్లా. ఏ ఆఫీసో చెప్పను, అది ముఖ్యం కాదు. అక్కడి ఆపరేటర్ తెలిసిన పిల్లోడే. "అన్నా, జర నువ్వు చూడవా? హైదరాబాద్‌ల గిదే పని చేస్తవ్ గద" అన్నాడు. డబ్బా తెరిచి చూస్తే లైట్లన్నీ ఒకే తాళంలో పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. పైన మంచి మేనేజ్డ్ స్విచ్ ఉంది. దాని కింద, వైరుకు వేలాడుతూ 8 పోర్టుల చవక స్విచ్ ఒకటి. ఎవరో ఊడ్చేటప్పుడు కింద పడి ఉన్న కేబుల్ కొసను తీసి, ఖాళీగా కనిపించిన పోర్టులో పెట్టేశారు. రెండు కొసలూ అదే స్విచ్‌లో! మా భాషలో దీన్ని లూప్ అంటారు. డేటా బయటికి పోయే దారి లేక అందులోనే గిరగిరా తిరుగుతూ మొత్తం నెట్‌వర్క్‌ని ముంచేస్తుంది.

కేబుల్ పీకా. నిమిషంలో నెట్ వచ్చింది. బాపు పని అయిపోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు కానీ నాకు సంతోషం అనిపించలేదు. ఎందుకంటే ఆ పైన ఉన్న మేనేజ్డ్ స్విచ్‌లో ఇలాంటి లూప్‌ని పట్టుకునే సౌకర్యం ఉంది. బీపీడీయూ గార్డ్, స్టార్మ్ కంట్రోల్ అని రెండు సెట్టింగ్‌లు. అవి ఆన్ చేసి ఉంటే ఆ ఒక్క పోర్టు మూసుకునేది, మిగతా ఆఫీసు మామూలుగా నడిచేది. డబ్బు పెట్టి మంచి బాక్స్ కొన్నారు. దాన్ని ఎలా వాడాలో రాసిన కాగితం మాత్రం లేదు.

ఆ కాగితం పేరే స్టాండర్డ్. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్తా: పెద్ద సంస్థలు రౌటర్, స్విచ్ స్టాండర్డ్‌ని డేటా సెంటర్ నుంచి కిందికి రాస్తున్నాయి. రాయాల్సింది చివరి డబ్బా నుంచి పైకి.

స్టాండర్డ్ అంటే టాప్ 10 లిస్ట్ కాదు

చాలామంది అనుకునేది ఏంటంటే, స్టాండర్డ్ అంటే "మార్కెట్‌లో బెస్ట్ స్విచ్ ఏది?" అనే ప్రశ్నకు జవాబు అని. కాదు. మా ఊరికి దగ్గర్లోనే పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఉంది కదా. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్ట్. దాని కాల్వలు చూస్తూ పెరిగినవాళ్లకు నెట్‌వర్క్ డిజైన్ సగం తెలిసినట్టే. ప్రధాన కాల్వ ఉంటుంది, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి మైనర్లు, చివరికి తూము దగ్గర పిల్ల కాల్వ. ఎంటర్‌ప్రైజ్ నెట్‌వర్క్ కూడా అంతే: కోర్, డిస్ట్రిబ్యూషన్, యాక్సెస్. కోర్ అంటే ప్రధాన కాల్వ, వేగంగా పారించడం ఒక్కటే దాని పని. డిస్ట్రిబ్యూషన్ దగ్గర ఎవరికి ఎంత, ఎటు అనే నిర్ణయాలు. యాక్సెస్ అంటే మన కంప్యూటర్, కెమెరా, వైఫై బాక్స్ తగిలించే తూము.

కాల్వ బాగుందా లేదా అని డ్యామ్ దగ్గర నిలబడి ఎవరూ చెప్పరు. చివరి ఆయకట్టుకు నీళ్లు వచ్చాయా అని అడుగుతారు. ఇంకో మాట. కాల్వకు లష్కర్ ఉంటాడు. గేటు ఎప్పుడు ఎత్తాలి, గండి పడితే ఎవరికి చెప్పాలి అన్నది అతనికి తెలుసు. మన నెట్‌వర్క్‌లలో ప్రధాన కాల్వకు ఇంజనీర్లు బోలెడుమంది ఉంటారు, తూము దగ్గర లష్కర్ ఉండడు. ఆ రోజు ఆఫీసులో కనిపించింది అదే.

డేటాషీట్ చేసే మాయ

గాడ్జెట్ ప్రియులుగా మనకు స్పెక్స్ అంటే ప్రాణం. కాబట్టి స్విచ్ స్పెక్స్ ఎలా చదవాలో చెప్తా. 24 గిగాబిట్ పోర్టులు, 4 పది గిగాబిట్ పోర్టులు ఉన్న స్విచ్ ఏ కంపెనీది తీసుకున్నా డేటాషీట్‌లో దాదాపు ఒకే అంకె కనిపిస్తుంది: 128 జీబీపీఎస్ స్విచింగ్ కెపాసిటీ, 95.2 ఎంపీపీఎస్ ఫార్వార్డింగ్ రేటు. ఇదేదో ఇంజనీరింగ్ ఘనత అనుకోకండి, కూడికలు, గుణకారాలే. 24కి 40 కలిపితే 64. పోను, రాను కలిపి రెట్టింపు చేస్తే 128. అతి చిన్న 64 బైట్ల ప్యాకెట్లతో 1 గిగాబిట్‌కి సెకనుకు 14.88 లక్షల ప్యాకెట్లు పడతాయి. దాన్ని 64తో గుణిస్తే 9.52 కోట్లు. అంతే. పోర్టులన్నీ పూర్తి వేగంతో పనిచేసే ఏ స్విచ్‌కైనా ఈ అంకె వస్తుంది. అందరికీ నూటికి నూరు వచ్చే పరీక్షతో ర్యాంకులు ఇవ్వలేం కదా!

తేడా తెలిసేది వేరే చోట. పవర్ ఓవర్ ఈథర్నెట్ చూడండి. చాలా 24 పోర్టుల స్విచ్‌ల మీద "370 వాట్లు" అని ఉంటుంది. పాత 802.3ఏఎఫ్ స్టాండర్డ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు. 24తో గుణిస్తే 369.6. లెక్క సరిపోయింది. కానీ 2009లో వచ్చిన 802.3ఏటీ పరికరాలు పూర్తి 30 వాట్లు అడిగితే అవే 370 వాట్లు 12 పోర్టులకే చాలుతాయి. కొత్త వైఫై యాక్సెస్ పాయింట్లు, తిరిగే కెమెరాలు పెట్టాక సగం పోర్టులకు కరెంట్ అందదు. "24 పోర్టుల పీఓఈ స్విచ్" అని మాత్రమే రాసిన టెండర్‌కి ఇది తెలియదు.

రౌటర్ సంగతి ఇంకా తమాషా. దాని మీద రాసే వేగం ఏ పనీ పెట్టనప్పటి వేగం. ఎన్‌క్రిప్షన్, నాట్, ఫిల్టర్లు అన్నీ ఆన్ చేస్తే చాలా మోడల్స్‌లో అది బాగా పడిపోతుంది. ఖాళీ ట్రాలీతో ట్రాక్టర్ మైలేజీ చెప్పినట్టు. పసుపు బస్తాలు నింపి నిజామాబాద్ మార్కెట్ యార్డు దాకా నడిపితే ఎంత వస్తుందన్నది కదా మనకు కావాలి. అందుకే స్టాండర్డ్‌లో "1 గిగాబిట్ రౌటర్" అని రాయకూడదు. "ఐపీసెక్ ఆన్ చేసి, చిన్నా పెద్దా ప్యాకెట్లు కలిపి పంపినప్పుడు ఇంత రావాలి" అని రాయాలి.

ఇక ఎండ. ఆఫీసుల కోసం చేసే మామూలు స్విచ్‌లు చాలావాటికి 45 డిగ్రీల దాకానే గ్యారంటీ. మే నెలలో మా జిల్లాలో బయటే 45 దగ్గరికి వెళ్తుంది. రేకుల గదిలో, మూసిన డబ్బాలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఫ్యాన్ లేని, 60-70 డిగ్రీలు తట్టుకునే రకం కొంచెం ఖరీదు ఎక్కువే. కానీ ఏసీ గదిలో కూర్చుని రాసే స్టాండర్డ్‌లో ఈ వరుస అసలు ఉండదు.

బోస్టన్‌లో 4 రోజులు

"ఒక చిన్న ఆఫీసు కథ పట్టుకుని ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. పెద్ద చోట ఏమైందో చూద్దాం. 2002 నవంబర్‌లో అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ అనే పేరున్న ఆసుపత్రిలో నెట్‌వర్క్ కూలిపోయింది. ఒక పరిశోధకుడి సాఫ్ట్‌వేర్ నుంచి భారీగా డేటా పారింది, అది నెపం మాత్రమే. అసలు కారణం, ఏళ్ల తరబడి ఒక స్విచ్ వెనక ఇంకో స్విచ్ తగిలిస్తూ పోవడం. లూప్‌లు రాకుండా కాపాడే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ మామూలు సెట్టింగ్‌లతో వరుసగా 7 స్విచ్‌ల దూరం దాకానే సరిగ్గా పనిచేసేలా తయారైంది. అక్కడ ఆ హద్దు దాటిపోయింది. దాదాపు 4 రోజులు డాక్టర్లు, నర్సులు కాగితాల మీద మందులు రాసుకుంటూ, ల్యాబ్ రిపోర్టులు చేత్తో మోసుకుంటూ గడిపారు. అప్పటి సీఐఓ జాన్ హలంకా ఈ సంగతి దాచకుండా అందరికీ వివరంగా చెప్పాడు, అందుకే ఈరోజుకీ నెట్‌వర్క్ ఇంజనీర్లు దీన్ని పాఠంగా చదువుతారు.

అక్కడ డబ్బు లేక కాదు, పరికరాలు నాసిరకమూ కాదు. "ఎన్ని స్విచ్‌ల దాకా తగిలించొచ్చు?" అనే ఒక్క వాక్యం అమలులో లేకపోవడమే.

మన ఊళ్ల దాకా వచ్చిన డిజైన్

ఇప్పుడు మన దేశంలోని అతి పెద్ద ఉదాహరణకు వద్దాం. ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబర్ ఇవ్వాలని 2011లో కేంద్రం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి ఓకే చెప్పింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మొదటి దశలో ఎంచుకున్న టెక్నాలజీ జీపాన్. బ్లాక్ స్థాయిలో ఒక పెట్టె, అక్కడి నుంచి ఒకే ఫైబర్ స్ప్లిటర్ల ద్వారా చీలుతూ పంచాయతీల దాకా. దీనికి మంచి గుణాలు ఉన్నాయి. చవక, మధ్యలో కరెంట్ అక్కర్లేదు, 2.5 జీబీపీఎస్ డౌన్‌లోడ్ వేగాన్ని పంచుకోవచ్చు. ఆనాటి బడ్జెట్‌కి అది తెలివితక్కువ నిర్ణయం కాదు.

కానీ దారి ఒక్కటే. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఎక్కడో ఒక చోట ఫైబర్ తెంపితే దాని అవతల ఉన్న ఊళ్లన్నీ చీకటి. 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ ప్రోగ్రామ్ ఈ ఆకారాన్నే మార్చింది. రూ. 1,39,579 కోట్ల ఖర్చు, 2.64 లక్షల పంచాయతీలు, రింగ్ టోపాలజీ, ఐపీ-ఎంపీఎల్‌ఎస్ రౌటర్లు. రింగ్ అంటే ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి డేటా తిరిగి వస్తుంది. గమనించండి, ఇక్కడ మారింది బ్రాండ్ కాదు. నెట్‌వర్క్ ఆకారం, చివర్లో ఉండే పరికరం పాత్ర, దాన్ని నడిపే బాధ్యత. పదేళ్ల నిర్వహణను కూడా అదే కాంట్రాక్టులో కలిపారు. చివరి ఆయకట్టు ప్రశ్నను 2011లోనే ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే మధ్యలో ఇన్నేళ్లు ఆగేవాళ్లం కాదేమో అనిపిస్తుంది.

మన రాష్ట్రంలో టీ-ఫైబర్ ఇంకో తెలివైన పని చేసింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాల్వల్లోనే ఫైబర్ డక్ట్‌లు వేసింది. పక్క రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంట్ స్తంభాల మీదుగా కేబుల్ లాగి, 2017 డిసెంబర్‌లో రూ. 149 నెలవారీ ప్లాన్‌తో మొదలైంది. నేల కింద వేస్తే ఖర్చు, స్తంభాల మీద వేస్తే గాలివాన. ఏ దారికి దాని ఇబ్బంది ఉంది. కానీ రెండు చోట్లా ఫైబర్ వచ్చి ఆగే చోటు ఒక్కటే, గోడకున్న ఆ ఇనుప డబ్బా.

నేను రాస్తే ఏం రాస్తా

ఒకటి, మోడల్స్ తక్కువ. పాత్రకు రెండు మోడల్స్ చాలు. మా టీమ్‌కి వచ్చిన ఒక క్లయింట్ నెట్‌వర్క్‌లో స్విచ్ మోడల్సే పదుల్లో ఉన్నాయి. ప్రతిదానికీ వేరే ఫర్మ్‌వేర్, వేరే పవర్ సప్లై. ఏది పాడైనా చేతిలో స్పేర్ ఉండదు. రెండే మోడల్స్ అయితే నిజామాబాద్‌లో నాలుగు స్పేర్లు పెట్టుకుంటే ఆర్మూర్, బోధన్, బాల్కొండ అన్నిటికీ అదే రోజు అందుతాయి.

రెండు, ఓపెన్ ప్రోటోకాల్స్. రౌటింగ్‌కి ఓఎస్‌పీఎఫ్, గేట్‌వే బ్యాకప్‌కి వీఆర్‌ఆర్‌పీ, పక్క పరికరాన్ని గుర్తుపట్టడానికి ఎల్‌ఎల్‌డీపీ. ఒక్క కంపెనీకే చెందిన ప్రోటోకాల్స్ వాడితే రేపు ఇంకో కంపెనీ బాక్స్ కొనాలంటే ఇల్లంతా కూల్చి కట్టాలి.

మూడు, అప్‌డేట్స్. 2023లో పిక్సెల్ 8, 2024లో గెలాక్సీ ఎస్24 ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామంటే మనం చప్పట్లు కొట్టాం. స్విచ్‌ని పదేళ్లు వాడే ఆఫీసులు ఆ ప్రశ్న అడగవు! పెద్ద కంపెనీలు సాధారణంగా ఒక మోడల్ అమ్మకం ఆపాక 5 ఏళ్ల దాకా సపోర్ట్ ఇస్తాయి. అమ్మకం ఆపబోయే మోడల్‌ని డిస్కౌంట్‌లో కొంటే మీ గడియారం అప్పటికే సగం తిరిగిపోయిందన్నమాట. "కొన్న రోజు నుంచి 8 ఏళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌లు" అని కాంట్రాక్ట్‌లో రాయించుకోవాలి.

నాలుగు, ఒకే కాన్ఫిగరేషన్. యూజర్ పోర్టులన్నిటి మీద బీపీడీయూ గార్డ్, స్టార్మ్ కంట్రోల్ ఆన్. ఇంటర్నెట్ వైపు వెబ్ మేనేజ్‌మెంట్ ఆఫ్. స్టాఫ్‌కి, కెమెరాలకు, గెస్ట్‌లకు వేర్వేరు వీల్యాన్‌లు, ఆ నంబర్లు ప్రతి ఊళ్లోనూ ఒకటే. పేర్లు కూడా అంతే. "నిజామాబాద్-బాల్కొండ-యాక్సెస్-01" అని పేరు చూడగానే ఎక్కడుందో తెలియాలి. ఇదంతా గిట్‌లో పెట్టి, ఆన్సిబుల్‌తో పంపితే చేత్తో టైప్ చేసే తప్పులు పోతాయి.

ఐదు, లష్కర్. డబ్బా తలుపు లోపలి వైపు ఒక ఫొటో అంటించాలి: ఏ రంగు కేబుల్ ఏ పోర్టులో, ఏ లైట్ ఎలా వెలిగితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. తెలుగులో. ప్రతి మండలానికి పాలిటెక్నిక్ చదివిన ఒక్కరికి రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే చాలు. ఈ పాయింట్‌కి అయ్యే ఖర్చు మిగతా నాలుగిటి కంటే తక్కువ, అందరూ వదిలేసేదీ దీన్నే.

అవతలి వాదన

నా సీనియర్ ఒకాయన ఇది చదివి రెండు అభ్యంతరాలు చెప్పాడు. మొదటిది: "అన్నీ ఒకే మోడల్ అయితే ఒక్క బగ్‌తో అన్నీ పోతాయి కదా?" నిజమే. 2023 అక్టోబర్‌లో సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈలో తీవ్రత 10కి 10 వచ్చిన లోపం బయటపడితే ప్రపంచవ్యాప్తంగా వేల పరికరాలు హ్యాకర్ల చేతికి చిక్కాయి. కానీ ఒక్క విషయం చూడండి. దాడి జరిగింది ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న వెబ్ పేజీ ద్వారా. "వెబ్ మేనేజ్‌మెంట్ ఆఫ్" అన్న వాక్యం పాటించినవాళ్లు ఆ దాడి నుంచి బయటపడ్డారు. పైగా రకరకాల మోడల్స్ ఉంటే బగ్‌లు తగ్గవు, ప్యాచ్ చేయాల్సిన చోట్లు పెరుగుతాయి. కోర్ ఒక కంపెనీది, యాక్సెస్ ఇంకో కంపెనీది పెట్టుకుంటే రిస్క్ పంచుకున్నట్టూ ఉంటుంది, గందరగోళమూ ఉండదు.

రెండోది: "ప్రభుత్వ టెండర్ ఎల్-1కే పోతుంది, బ్రాండ్ పేరు రాయలేవు." సరే, రాయొద్దు. అందుకే బ్రాండ్ కాకుండా పని రాయమంటున్నా. ఇన్ని డిగ్రీల ఎండ తట్టుకోవాలి, పీఓఈ బడ్జెట్ ఇంత, ప్యాచ్‌లు ఇన్నేళ్లు, స్పేర్ ఇన్ని గంటల్లో రావాలి. వీటికి ఒప్పుకున్నవాళ్లలో తక్కువ ధర ఎవరిదైతే వాళ్లే గెలవనీ. ఎల్-1 చెడ్డది కాదు, ఏం కావాలో సరిగ్గా అడగకపోవడం చెడ్డది.

మీరేం చేయొచ్చు

మీలో చాలామంది బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉంటారు. ప్రాజెక్ట్ కోసం ఇంకో చాట్‌బాట్ చేసే బదులు మీ కాలేజీ నెట్‌వర్క్‌కి స్టాండర్డ్ రాయండి. హెచ్‌ఓడీని అడిగి ఎన్ని స్విచ్‌లు, ఎన్ని మోడల్స్, ఏ ఏడాదివి అని లెక్క తీయండి. ప్యాకెట్ ట్రేసర్‌లోనో జీఎన్‌ఎస్3లోనో దాన్ని కట్టండి. కావాలనే ఒక లూప్ పెట్టి చూడండి, తర్వాత గార్డ్ ఆన్ చేసి మళ్లీ పెట్టండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు.

ఆ రోజు వచ్చేముందు నేను ఆ ఆఫీసు డబ్బా తలుపుకి ఒక కాగితం అంటించా. "ఈ తెల్ల కేబుల్ రెండో కొస ఎక్కడా పెట్టొద్దు" అని పెద్ద అక్షరాలతో. బాపు అది చూసి నవ్వాడు. "ఇంత చదివి చివరికి నువ్వు రాసింది ఇదా?" అన్నాడు. అవును బాపూ, మా ఫీల్డ్‌లో స్టాండర్డ్ అంటే ఇదే. ఇది మొదటి లైను. మిగతాది రాయాల్సినవాళ్లు రాయాలి.